నిన్నటి కల్లు అమ్మని ఇల్లు

దోహా,
6 అక్టోబర్ 2024

గంగామణి అత్తమ్మకు,

నీ మేనల్లుడు నగేష్ దండాలు. ముందు నీ చెవుల సంగతి. ప్రమీలక్క ఫోన్ చేసి నీ మీద పితూరీ చెప్పింది. జగిత్యాల డాక్టర్ ఇచ్చిన చెవి మిషన్ తీసి బియ్యం డబ్బాలో పెట్టావట. "లోపల ఈగలు మోగుతున్నట్టున్నది, నాకద్దు" అన్నావట. సరే, ఫోన్‌లో నేను అరిచి చెప్పినా నీకు వినిపించేది సగమే. అందుకే ఉత్తరం. నలభై ఏళ్ళ వయసులో పలక పట్టి చదువు నేర్చుకున్న మేనత్త ఈ దోహా మొత్తంలో నా ఒక్కడికే ఉంది కాబట్టి, ఆ చదువు తుప్పు పట్టకుండా చూసుకోవడం నా బాధ్యత.

ఈ ఉత్తరం ప్రమీలక్క కొడుకు తిరుమల్ చేతికి ఇస్తున్నాను. వాడు రెండు నెలల లీవు మీద వస్తున్నాడు. వాడి పెట్టె నలభై కిలోలు దాటింది, ఒక్క కాగితం కూడా పట్టదని గునిశాడు. నేను వినలేదు.

నా డ్యూటీ మారింది. ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో తిరుమల్‌తో కలిసి ఉన్న రోజులు నీకు తెలుసు. ఆ తర్వాత ముషైరిబ్ దగ్గర ఈ హోటల్ స్టోర్‌లో మూడేళ్ళు ఉల్లిగడ్డల మధ్య, ఆలుగడ్డల మధ్య గడిపాను. పోయిన నెల నన్ను కింది అంతస్తుకు మార్చారు. బయట ఎండ ఇంకా తగ్గలేదు, నేను మాత్రం స్వెటర్ వేసుకుని పని చేస్తున్నాను. నవ్వకు. ఆ గది ఎప్పుడూ చల్లగా ఉండాలి, చీకటిగా ఉండాలి. ఇటలీ నుంచి వచ్చిన పాత సీసాలు అరవై నాలుగు అందులో ఉన్నాయి. ఒక డాక్టరు గారి ఇంటి నేలమాళిగలో నలభై ఏళ్ళు ఉన్నాయట. ఆయన పోయాక ఆయన కూతురు మా హోటల్‌కు అమ్మింది. తలుపుకు రెండు తాళంచెవులు. ఒకటి మా మేనేజర్ జయంత్ సార్ దగ్గర, ఆయనది కాకినాడ. రెండోది ఎవరి దగ్గరనుకున్నావు? నా మెడలోనే ఉంది.

ఏం సరుకో తర్వాత వివరంగా రాస్తాను.

నీ అల్లుడు
నగేష్

* * *

గంగాపూర్,
27 అక్టోబర్ 2024

చిరంజీవి నగేష్‌ను మేనత్త గంగామణి దీవించి వ్రాయునది.

ఉత్తరములు పుస్తకం భాషలో వ్రాయవలెనని మా రాత్రిబడి సుహాసిని టీచరు చెప్పినది కదా. కావున అట్లే వ్రాయుచున్నాను. నీకు నవ్వు వచ్చిన నవ్వుకొనుము. నేను పోయిన తర్వాత ఈ కాగితములు నీ పిల్లలు చదివిన, మా నాయనమ్మ వరుస ఎంత చదువుకున్నదో అనుకొనవలెను.

నీ ఉత్తరము దుకాణంలో అందరి ముందర చదివినాను. నలభై సంవత్సరములు చీకటిలో, చల్లదనములో దాచిన సీసాలు అనగానే నాకు అర్థమైనది. అత్తరు! అత్తరు కాక మరేమి దాచుదురు? నా అల్లుడు ఇటలీ అత్తరు గదికి తాళంచెవి పెట్టుకున్నాడని ఊరంతా చెప్పినాను. ప్రమీల మొఖము మాడినది. ఆమె కొడుకు ఇంకా సిమెంటు బస్తాలే మోయుచున్నాడు కదా.

నీకు ఆ పని దొరుకుట వింత కాదు. మీ నాయన హన్మాండ్లు లొట్టి కుండ మూతి దగ్గర ముక్కు పెట్టి, ఈ కల్లు ఏ చెట్టుదో చెప్పేవాడు. బావి కాడి తాడిచెట్టుదా, గట్టు మీదిదా అని పందెం కట్టి గెలిచేవాడు. నేనూ చెప్పుదును. మన ముక్కు నీకు వచ్చినది. చెట్టు ఎక్కకుండానే ఆ ముక్కుతో నువ్వు అన్నం తినుచున్నావు. నాకు అంతకంటే ఏమి కావలెను?

దుకాణం సంగతి. అడ్డరోడ్డు కాడ కొత్తగా ఒకడు దుకాణం పెట్టినాడు. మత్తుమందు కలిపిన కల్లు. తాగినోళ్ళు అక్కడనే పడి ఉంటున్నారు. నా దగ్గరికి వచ్చేటోళ్ళు తగ్గినారు. అయినా పొద్దు గూకే యాళ్ళకు మిగిలిన కల్లు దుకాణం ముందర, అందరూ చూస్తుండగా నేల మీద పారబోసుడు మానలేదు. మీ తాత పెట్టిన ఆచారము. ఆ అడ్డరోడ్డువాడు "ముసల్దానికి పిచ్చి లేసింది" అనుచున్నాడట. అననీ.

ఎల్లమ్మ పండుగకు చిన్న సీసా అత్తరు పంపుము. పెద్దది అద్దు. వద్దు.

ఇట్లు
నీ మేనత్త గంగామణి

* * *

దోహా,
17 నవంబర్ 2024

అత్తమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. రెండోసారి భయపడ్డాను. మూడోసారి, ఇక దాచకూడదని కూర్చున్నాను.

అది అత్తరు కాదు. వైన్. ద్రాక్షపండ్ల సారం. తాగేదే.

నాన్న తాడిచెట్టు మీద నుంచి పడి చనిపోయినప్పుడు నాకు పదేళ్ళు. అమ్మ ముందే లేదు. చెట్టెక్కేవాళ్ళ దేవుడు కాటమయ్య గుడి ముందు నువ్వు నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించావు. "చెట్టు ముచ్చట, కల్లు ముచ్చట నీకద్దు బిడ్డా. ఏ పనన్న జేస్కో, గిది మాత్రం అద్దు" అన్నావు. నేను సరేనన్నాను. ఆ మాట మీదే సముద్రం దాటి వచ్చాను. వచ్చి ఎక్కడ తేలానో చూడు.

నేను అడిగి వెళ్ళింది కాదు. ఎట్లా జరిగిందో చెబుతాను. సెప్టెంబర్‌లో ఆ పెట్టెలు దిగాయి. వాటిని మోయడానికి స్టోర్ నుంచి నన్ను పిలిచారు. తేమకు లేబుళ్ళు ఊడిపోయాయి, కొన్నింటిని బూజు తినేసింది. కానీ ప్రతి సీసా మెడకూ దారంతో కట్టిన చిన్న చెక్క బిళ్ళ ఉంది. దాని మీద డాక్టరు గారు పెన్సిల్‌తో తమ ద్రాక్షతోట, తమ ఇంటి ఆ ఏటి సంగతి రాసుకున్నారు. మా షెఫ్ ఇటలీ ముసలాయన, ఆ కొండ ప్రాంతం వాడే. ఒక్కొక్కటీ చదివి చెప్పాడు. "1982. ఎండ బాగా కాసింది. కూతురు నడక నేర్చింది." "1978. వడగళ్ళు. పంట సగమే. మా నాన్న చివరి కోత." ఈ మాటలు విన్నాక పెట్టె దించే చేతులు వాటంతట అవే నెమ్మదించాయి.

సరుకు చెడిందో లేదో చూడాలని షెఫ్ ఒక సీసా తీశాడు. జయంత్ సార్, ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళు గ్లాసులు ఊపి, వాసన చూసి, అద్భుతం అన్నారు. నేను మూడడుగుల వెనక ఖాళీ పెట్టె పట్టుకుని ఉన్నాను. నాకు ఆ గాలిలో ఒక వాసన తగిలింది. నీకు తెలిసిన వాసనే. కడిగి ఎండబెట్టకుండా నీడకు బోర్లించిన లొట్టి వాసన. నా నోరు ఊరుకోలేదు. "సార్, కుండ బాగాలేదు" అన్నాను.

జయంత్ సార్ కోపంగా చూశాడు. షెఫ్ మాత్రం గ్లాసు మళ్ళీ ముక్కుకు పెట్టుకుని చాలాసేపు ఉన్నాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి, నిజమేనని తలూపాడు. సీసా బిరడా చెడితే అట్లాంటి వాసన వస్తుందట. బాగా పేరున్నవాళ్ళు కూడా ఒక్కోసారి పట్టుకోలేరట. ఇంకో సీసా తీసి ఈసారి గ్లాసు నా చేతికే ఇచ్చాడు.

అత్తమ్మా, అదేమిటో నీకు చెప్పాలి. రంగు ఎర్రగా కూడా లేదు, పాత ఇటుక రంగు. ముక్కు పెడితే ముందు ఎండిన గులాబి రెక్కలు. తర్వాత కొత్తగా వేసిన తారు రోడ్డు. కాసేపాగితే వాన పడ్డ మట్టి. ఒక్క గ్లాసులో ఇన్ని. దాని పేరు బరోలో. నాలుక మీద పెట్టుకుని, రుచి చూసి, ఉమ్మేశాను. ఈ పనిలో అట్లాగే చేస్తారు, మింగరు. నేను తాగుబోతును కాలేదు, కాను.

మర్నాడే తాళంచెవి ఇచ్చారు. ఆ రోజు బస్సులో రూముకు వెళ్తూ నాన్నను తలుచుకున్నాను. గర్వంగా ఉండింది. ఆ గర్వం నీకు చెప్పుకోలేకపోయినందుకే ఇన్నాళ్ళూ బాధ. ఒట్టు తప్పానని నువ్వనుకుంటే, తప్పానే. కొట్టు, తిట్టు. కానీ జవాబు రాయి.

నగేష్

* * *

గంగాపూర్,
8 డిసెంబర్ 2024

నగేషూ,

పుస్తకం భాష ఇయ్యాల నాకు రాదు. కోపమచ్చినంక ఎవ్వలికి వస్తది?

నలభై ఏండ్లదారా? నలభై ఏండ్ల నాటిది సీసల వోసి జనాలకు తాపుతున్నవా? మనింట్ల నిన్నటి కల్లు అమ్మలే గదరా! మీ తాత అమ్మలే, మీ నాయిన అమ్మలే. పొద్దు గూకినంక మిగిలింది మన్నుల వోసినం గని మనిషికి వొయ్యలే. గసొంటి ఇంట్ల పుట్టి, నువ్వు పుట్టకముందుదో ఎప్పటిదో పాసిపోయింది తెల్లోళ్ళకు అమ్ముతున్నవా? ఆ అడ్డరోడ్డోనికి నీకు ఏం ఫరకు?

అత్తరని ఊరంత జెప్పిన. ఇప్పుడు ప్రమీల నన్ను జూసి మూతి తిప్పుతున్నది. తిరుమల్‌గాడు ఇంకోటి జెప్పిండు. దుబాయ్‌ల మందు కనవడితె పోలీసోళ్ళు పట్టుకపోయి లోపలేస్తరట గద. నువ్వు కింది అంతస్తుల, చీకట్ల, తాళమేసి ఎందుకు కూసున్నవో నాకిప్పుడు సమజైంది. దొంగ సరుకు గదూ? నిజం జెప్పు.

ఇగ ఉమ్ముడొకటి! ఎల్లమ్మ తల్లి కాళ్ళ ముందట సాక వోసే సొమ్మురా అది. నోట్లె వోసుకోని ఉమ్ముతవా? తాగితె తాగు, లేకుంటె ముట్టకు. గా నడిమిట్ల పని మనది గాదు.

ఆ తాళంచెవి వాళ్ళ మొఖాన గొట్టి ఉల్లిగడ్డల కాడికే పో. పోయినంకనే నాకు ఉత్తరం రాయి.

గంగామణి

* * *

దోహా,
29 డిసెంబర్ 2024

అత్తమ్మా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. నీ పెంపకమే, మొండితనం ఎక్కడి నుంచి వస్తుంది మరి.

మొన్న శుక్రవారం ఇండస్ట్రియల్ ఏరియాకు పోయి, లీవు నుంచి వచ్చిన తిరుమల్ దగ్గర నీ ఉత్తరం తీసుకున్నాను. వాడు నా మొఖం చూడకుండా ఇచ్చాడు. "నేను ఊకనే జెప్పిన, మీ అత్తమ్మ గట్ల వట్టుకుంటదనుకోలే" అన్నాడు. వాడి ముందే చదివాను. వాడు టీ తెచ్చి పెట్టాడు. చల్లారిపోయింది.

దొంగ సరుకు కాదు. ఇక్కడ వీధిలో తాగితే తప్పు, అది నిజం. లైసెన్సు ఉన్న హోటళ్ళలో వచ్చిన అతిథులకు పోయవచ్చు. మా సీసాలకు ఒక్కొక్కదానికీ లెక్క ఉంది, కాగితం ఉంది. తలుపు దగ్గర సెక్యూరిటీ గులాం నబీ ఉంటాడు. పెషావర్ వాడు, ఐదు పూటలా నమాజు చేస్తాడు. సీసా ముట్టడు, కానీ నేను తప్ప ఇంకొకడు గడప దాటితే ఊరుకోడు.

ఇక పాసిపోయిందన్నావు. అది నాకు ఎక్కడో తగిలింది. కల్లు పొద్దున పుట్టి సాయంత్రానికి ముసలిదవుతుంది, నీకు తెలియంది కాదు. ఇది అట్లా కాదు. దీనికి వయసు రావడానికే ఇరవై ఏళ్ళు పడుతుంది. నువ్వు కొత్త బియ్యం ముద్దవుతాయని పక్కన పెట్టి పాతబియ్యమే వండుతావు కదా, అవి పాసిపోయినవా? చిన్నప్పుడు నాకు దగ్గు వస్తే అటక మీది పాత బెల్లం తీసి మిరియాలతో పెట్టావు. ఆ బెల్లం వయసు ఎంత?

అడ్డరోడ్డువాడితో నన్ను పోల్చావు. ఆ ఒక్కమాట వెనక్కి తీసుకో. మిగతావన్నీ ఉంచుకో.

జనవరి పదహారున మా హోటల్లో ఈ సీసాలతో పెద్ద విందు ఉంది. ముప్పై మంది వస్తారు. ఆ రోజు పని బాగా జరిగితే ఆ గది నాకే పర్మినెంట్‌గా ఇస్తారు, లేకపోతే ఉల్లిగడ్డలే. జయంత్ సార్ ముందే చెప్పాడు. నాకు ఆ గది కావాలి అత్తమ్మా. ఇంతవరకు నా చేతులకే పని దొరికింది. నాన్న ఇచ్చిన ముక్కుకు పని దొరకడం ఇదే మొదటిసారి.

నగేష్

* * *

దోహా,
19 జనవరి 2025

అత్తమ్మా,

నీ జవాబు రాలేదు. అయినా ఇది నీకు తప్ప ఇంకొకరికి రాసేది కాదు.

విందు పదహారునే అయింది. 1978 నాటి సీసాలు ఏడు ఉన్నాయి, వడగళ్ళ ఏడాదివి. అడుగున మడ్డి కదలకూడదని రెండు రోజుల ముందే నిలబెట్టాను. సాయంత్రం వాటిని అతిథుల గదిలోనే, కౌంటర్ మీద తెరిచాం. అట్లా అందరూ చూస్తుండగా తియ్యడం అక్కడ ఒక వేడుక. షెఫ్‌కు ఆ రోజు జలుబు, ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. "నీ ముక్కే నా ముక్కు" అని నన్ను పక్కన నిలబెట్టుకున్నాడు.

ఐదు సీసాలు బంగారం. ఆరోది పులిసి సిర్కా అయింది, అది జయంత్ సార్‌కే తెలిసిపోయింది, పక్కన పెట్టించాడు. ఏడోది తీశాను. పైకి బాగానే ఉంది. గులాబి ఉంది, మట్టి ఉంది. వాటి వెనక, చాలా పలచగా, ఎండబెట్టని లొట్టి.

జయంత్ సార్‌కు మెల్లగా చెప్పాను. ఆయన నవ్వుతూనే, పెదవి కదపకుండా అన్నాడు. "నాకేం తెలియట్లేదు నగేష్. షెఫ్‌కీ తెలియట్లేదు. ఇప్పటికే ఒకటి పోయింది, ఇదీ పోతే సరిపోదు. దీన్ని చివర్లో పోద్దాం. అప్పటికి అంతా కబుర్లలో ఉంటారు, ఎవరు చూడొచ్చారు?"

అని సీసా నా చేతిలో పెట్టి బల్ల వైపు చూపించాడు. ముప్పై మంది చూస్తున్నారు. సీసా మెడకు ఆ చెక్క బిళ్ళ ఉంది. మా నాన్న చివరి కోత, అని. ఇట్లాంటిది అతిథి గ్లాసులో పోస్తే అది రాసుకున్న మనిషికి కూడా అవమానమే అనిపించింది. ఇంకో పక్క ఆ గది, ఆ తాళంచెవి. అవి కూడా కనిపించాయి, అబద్ధం చెప్పను.

అత్తమ్మా, పొద్దుగూకాక నువ్వు దుకాణం ముందు చేసే పనే చేశాను. కౌంటర్ మీద స్టీలు తొట్టి ఉంటే, అందరూ చూస్తుండగా ఆ సీసా అందులో ఒంచాను. గబగబా కాదు, నువ్వు ఒంచినట్టే, చివరి చుక్క దాకా. దాని ధర రాయను, రాస్తే నీకు గుండె ఆగుతుంది.

బల్ల చివర జుట్టు నెరుస్తున్న ఒక ఆవిడ, ఎందుకలా చేశావని అడిగింది. నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. "మేడమ్, ఇది చెడింది. మా ఇంట్లో చెడింది మనిషికి పొయ్యరు." ఆవిడ నా పేరు అడిగింది.

మర్నాడు జయంత్ సార్ పిలిచి తాళంచెవి తీసుకున్నాడు. "నాకు పొగరున్నవాళ్ళు వద్దు" అన్నాడు. ఇప్పుడు పైన ఉల్లిగడ్డల దగ్గర ఉన్నాను. నీ కోరిక తీరింది. నీ మాట ప్రకారం ఇప్పుడు ఉత్తరం రాయడానికి అర్హత కూడా వచ్చింది.

గులాం నబీ మాత్రం పైకి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "సునా హై భాయ్, సబ్‌కే సామ్‌నే సచ్ బోలా" అన్నాడు, అందరి ముందు నిజం చెప్పావట కదా అని. జీవితంలో చుక్క ముట్టని మనిషి. నాకు ఏడుపు వచ్చింది, ఉల్లిగడ్డల వల్ల అని చెప్పాను.

నాకు చింత లేదు అత్తమ్మా. గది పోయిందనే బాధ ఉంది, చింత లేదు.

నగేష్

* * *

గంగాపూర్,
8 ఫిబ్రవరి 2025

చిరంజీవి నగేష్‌ను మేనత్త గంగామణి నిండు మనసుతో దీవించి వ్రాయునది.

మన ఊరి గంగాప్రసాద్ కత్తర్ పోవుచున్నాడు, ఆయన చేతికి ఈ ఉత్తరము ఇచ్చుచున్నాను. దుబాయ్ వేరు, కత్తర్ వేరని కూడా ఆయనే చెప్పినాడు. ఇన్నేళ్ళు నువ్వు నాకు ఎందుకు చెప్పలేదు?

నీ ఉత్తరము దుకాణంలో చదివినాను. ఈసారి చెవి మిషను పెట్టుకుని చదివినాను, ఎవరు ఏమందురో వినవలెనని. పెద్దమనిషి వేణుగోపాలరావు పట్వారి కూడా ఉన్నాడు. సీసా ఒంచిన కాడికి వచ్చేసరికి ఆయన లేచి, "గంగామణీ, హన్మాండ్లు చెట్టు దిగి వచ్చినట్టున్నది" అన్నాడు. ప్రమీల వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. మరునాడు పొద్దుగూకే యాళ్ళకు నేను కల్లు పారబోస్తుంటే చూచుటకు జనము వచ్చినారు. ఎన్నడూ రానివాళ్ళు వచ్చినారు. నేను తల ఎత్తి పారబోసినాను. నగేషూ, నా యాభై ఎనిమిది ఏళ్ళలో అంత గర్వము నాకు ఎన్నడూ కలుగలేదు.

అడ్డరోడ్డువానితో పోల్చిన మాట వెనక్కి తీసుకొనుచున్నాను. పాతబియ్యము ముచ్చట కూడా నిజమే. ఉమ్ముట మాత్రము ఒప్పుకోను.

ఇక ఒక మాట. ఇది పుస్తకం భాషలోనే వ్రాయుదును. మన భాషలో మొదలుపెడితే సగములోనే ఆపివేయుదును.

మీ నాయన దినములు అయిన మరునాడు ఇంట్లో గింజ లేదు. చెట్టు ఎక్కేవాడు లేడు. ముందురోజు చుట్టములకు తెచ్చిన కల్లు ఒక కుండ మిగిలి ఉన్నది. దుఃఖములో పారబోయుట మరిచినాను. ఆ రోజు ఆ కుండ దుకాణంలో పెట్టి అమ్మినాను. పరామర్శకు వచ్చినవాళ్ళు తాగినారు, ఒక్కరూ ఏమీ అనలేదు. ఆ పైసలతో బియ్యము తెచ్చి నీకు వండిపెట్టినాను. అమ్మని ఇల్లు, అమ్మని ఇల్లు అని నీకు చెప్పుచూ పెంచినాను కదా. ఒక్కసారి అమ్మినది. నీ ముందు ఉత్తరమునకు నేను అంతగా మండిపడుటకు కారణము అదే. నిన్ను కాదు, నన్నే తిట్టుకున్నాను.

ఆ రోజు నేను పారబోయని కుండను నువ్వు అక్కడ పారబోసినావు.

ఒట్టు సంగతి. చెట్టు ఎక్కవద్దని భయముతో వేయించిన ఒట్టు అది. ముక్కు మూసుకొమ్మని కాదు. కాటమయ్యకు కోడిని కోసి ఆ ఒట్టు విప్పించినాను. ఆ గది కొరకు మళ్ళీ అడుగుము. అడుగుటకు సిగ్గుపడకుము.

మీ నాయన రుచి చూచే ఇత్తడి గిద్దె పంపుచున్నాను. చింతపండుతో తోమినాను. ఎండలో పెట్టినాను.

ఇట్లు
నీ మేనత్త గంగామణి

* * *

దోహా,
3 మార్చి 2025

అత్తమ్మా,

నీ ఉత్తరం, గిద్దె, రెండూ అందాయి. గిద్దెను ముక్కు దగ్గర పెట్టి చూశాను. ఎండ వాసన వచ్చింది.

అడగాల్సిన అవసరం రాలేదు. బల్ల చివర కూర్చున్న, జుట్టు నెరుస్తున్న ఆవిడ ఎవరనుకున్నావు? ఆ డాక్టరు గారి కూతురు. 1982 బిళ్ళ మీద రాసిన, నడక నేర్చిన ఆ పాప. ఇంటికి పోయి షెఫ్‌కు ఉత్తరం రాసింది. వాళ్ళ నాన్న కూడా చెడిన సీసాను చుట్టాల ముందే తోటలో ఒంచేవాడట, ఇంట్లోవాళ్ళు ఎంత అరిచినా వినకుండా. ఆయన పోయాక ఆ పని చేసే మనిషి కనపడలేదని, మళ్ళీ దోహాలో చూశానని రాసింది. సీసాలను ఆ మనిషి చేతిలోనే ఉంచమంది. షెఫ్ ఆ ఉత్తరాన్ని జయంత్ సార్ బల్ల మీద పెట్టాడట. ఆయన నన్ను పిలిచి తాళంచెవి ఇస్తూ, "నువ్వు కరెక్టే చేశావు, కానీ ఇంకోసారి ముందు నా చెవిలో గట్టిగా చెప్పు" అన్నాడు. చెవిలోనే చెప్పానని గుర్తు చెయ్యలేదు.

మొన్న శనివారం రంజాన్ మొదలైంది. ఈ నెలంతా పోయడం ఉండదు, తలుపు మూసే ఉంటుంది. లోపల చల్లదనం సరిగా ఉందో లేదో చూసి రావడమే నా పని. గులాం నబీ ఉపవాసంతో బయట కూర్చుంటాడు, నేను లోపల మిగిలిన సీసాల మధ్య కూర్చుంటాను.

ఆ రోజు ఒంచిన ఖాళీ సీసాను షెఫ్ పారెయ్యలేదు. అరలో పెట్టాడు. దానికి నేను కొత్త చెక్క బిళ్ళ ఒకటి కట్టాను. తెలుగులో రాశాను. "చెడింది, పారబోసినం. గంగాపూర్ గంగామణి ఇంటి ఆచారం." షెఫ్ ఏం రాశావని అడిగితే చదివి, అర్థం చెప్పాను. ఆయన నీ పేరు మూడుసార్లు పలికి చూశాడు. మూడోసారికి బాగానే వచ్చింది.

ఇక నువ్వు పుస్తకం భాషలో రాసిన ఆ మాట.

నాకు తెలుసు అత్తమ్మా. ఆ రోజే తెలుసు. దుకాణంలో గల్లా పక్కన బస్తా మీద కూర్చుని ఉన్నాను. నువ్వు కుండ మూత తియ్యగానే నాకు తెలిసిపోయింది, అది నిన్నటిదని. నా ముక్కు ఇట్లాంటిదని నాకు మొదట తెలిసింది ఆ రోజే. నీ మొఖం చూశాను, నువ్వు నా వైపు చూడలేదు. ఎందుకు అమ్ముతున్నావో పదేళ్ళవాడికి కూడా అర్థమైంది. అందుకే ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా.

తర్వాత నువ్వు పొయ్యి ముందు కూర్చోబెట్టి పెట్టిన అన్నం తిన్నాను. దాని వాసన కూడా నాకు గుర్తుంది. వేడిగా, అప్పుడే వండినది.

నీ అల్లుడు
నగేష్